సిరా కరిగిన సీసాలు

మా పాత ప్రయోగశాలలో కొత్తగా చేరిన అమ్మాయిలు ఇద్దరు మొన్న మా ఇంటికి వచ్చారు. టీ తాగి, అవీ ఇవీ మాట్లాడి, లేవబోయే ముందు ఒకమ్మాయి, "మేడం, మీ సర్వీసులో మీరు చేసిన తప్పు ఒకటి చెప్పండి, మాకు పనికొస్తుంది" అంది. ఒక్కటే చేసి ఉంటానని అనుకున్నందుకు మనసులోనే ఆ పిల్లకు దండం పెట్టుకున్నాను. చెప్పడం మొదలుపెట్టాను గానీ సగంలో ఆపేశాను. బస్సు టైమయిందని వాళ్ళే లేచారు. ఆ మిగిలిన సగం కోసం ఇది రాస్తున్నాను. ఇద్దరూ చదవాలి. పెన్సిళ్ళు దగ్గర పెట్టుకుని చదివితే ఇంకా మంచిది, ఎందుకో తర్వాత తెలుస్తుంది.

నేను మహబూబ్‌నగర్‌లో దోమల పిల్లలను పరీక్షించే చిన్న ప్రయోగశాలలో ముప్పయ్యేళ్ళకు పైగా టెక్నీషియన్‌గా పనిచేశాను. రెండు గదులు, రెండు సూక్ష్మదర్శినులు, పడమటి వైపు ఒక కిటికీ. ఊళ్ళు తిరిగి తొట్లలో, కుంటల్లో, టైర్లలో నిలిచిన నీళ్ళలోంచి పురుగులు పట్టుకొచ్చే సేకర్త ఒకాయన ఉండేవాడు. నాకంటే మూడేళ్ళు చిన్న. నన్ను అక్కా అనేవాడు, నా టిఫిన్‌లో సగం అతనిదే. అతను తెచ్చినవాటిని నేను చూసి, ఇది మలేరియా దోమ, ఇది డెంగీ దోమ అని రిజిస్టర్‌లో గళ్ళు నింపేదాన్ని. చివరి గడి పేరు "ఇతరములు". దోమ కానిది ఏదైనా ఆ గడిలోకే పోయేది.

ఆ గడిలోకి ఎక్కువగా పోయింది ఎర్ర పురుగు. మీరూ చూసే ఉంటారు, తొట్టి అడుగున ఎర్ర దారప్పోగులా మెలికలు తిరుగుతుంది. పెద్దదై రెక్కలొస్తే అచ్చం దోమలాగే ఉంటుంది గానీ కుట్టదు, ఏ రోగమూ మోయదు. అందుకే ముప్పయ్యేళ్ళపాటు దాన్ని ఒక అంకెగా రాసి సింకులో పారబోశాను. దాంట్లోనూ చాలా జాతులుంటాయని, కొన్ని మురుగులో బతికితే కొన్ని మంచినీటి అడుగు ఒండ్రులో బతుకుతాయని శిక్షణలో ఒక పూట చెప్పారు. ఆ పూట నుంచి నాకు గుర్తున్న ముక్క ఒక్కటే. మురుగు జాతికి తోక దగ్గర పొట్ట కింద నాలుగు సన్నని గొట్టాలు వేలాడుతుంటాయి. మిగతాదంతా భోజనాల తర్వాత చెప్పారు, నేను కునుకు తీశాను.

అప్పటికి తెలంగాణ వచ్చి కొన్నేళ్ళయింది. ఇంటింటికీ నల్లాలు వచ్చి, బోరింగుల దగ్గర బిందెల కొట్లాటలు తగ్గిన కాలం. నా పదవీ విరమణకు అయిదు నెలలుంది. మక్తల్ అవతల ఒక ఊళ్ళో నల్లాలోంచి ఎర్ర పురుగులు వస్తున్నాయని, పిల్లలకు వాంతులవుతున్నాయని కబురొచ్చింది. ఆ పూటే నేనూ సేకర్తా జీపులో బయలుదేరాం.

మేము దిగేసరికి పంచాయతీ ఆఫీసు ముందు జనం గుమిగూడి ఉన్నారు. ఒకామె స్టీలు గ్లాసు తెచ్చి నా మొహం ముందు పెట్టింది. అడుగున మూడు పురుగులు కదులుతున్నాయి.

"సూడున్రి మేడం, గివ్వే మా పోరగాండ్ల కడుపులకు పోతున్నయ్. నెత్తురు తాగి గింత ఎర్రగైనయ్."

అవి నెత్తురు తాగవని, ఆ ఎరుపు వాటి ఒంట్లోదేనని చెప్పాను. వినలేదు. నా పిల్లలు వాంతులు చేసుకుంటూ ఉంటే నేనైనా వినేదాన్ని కాదు.

ట్యాంకు నింపి, వాల్వులు తిప్పి వాడవాడకూ నీళ్ళు వదిలే మనిషిని అప్పటికే పని ఆపించారు. వాల్వు ఉన్న గుంత పక్కనే మోరీ, అదే మురుగు కాలువ, ఉంది. గుంతను అతను పట్టించుకోలేదని, మోరీ నీళ్ళు దాంట్లోకి దిగి పైపులో కలిశాయని ఊరంతా తేల్చేసుకుంది. మా రిపోర్టు వస్తే కాగితం మీద కూడా తేలిపోతుంది, అప్పుడు పనిలోంచి తీసేస్తామని పంచాయతీ కార్యదర్శి నాతో చెప్పాడు. ఆ చెప్పడంలో నేను ఏం రాయాలో కూడా ఉంది.

ఆ మనిషి దూరంగా గోడకు ఆనుకుని నిలబడ్డాడు. నలభై దాటినవాడు, సన్నగా, తలకు తువాలు చుట్టుకుని ఉన్నాడు. ట్యాంకు ఎక్కడానికి ఇంకెవరూ ముందుకు రాకపోతే తనే ఎక్కి, అడుగున పేరుకున్న బురదను చిన్న బకెట్‌లో దించాడు. దిగి వచ్చి ఆయాసపడుతూ నాతో అన్నాడు.

"ట్యాంకు మీద గాలి గొట్టం ఉంటది మేడం, దానికి దోమల జాలి లేదు. రెండుమార్లు చెప్పిన, ఎవ్వరు పట్టించుకోలె. మా ఇంటామె చీర గుడ్డ గడితె గాలికి చినిగిపాయె. పురుగు ఆడికెల్లే వడ్తాంది. మోరీ నీళ్ళు గావు. రోజు సూసేటోన్ని నేను గద."

నేను తలూపాను. విన్నానని కాదు, సరే కానివ్వు అని.

మోరీ దగ్గరికి పోతే, మేం వస్తున్నామని తెలిసి అప్పటికే దాంట్లో పూడిక తీయించేశారు. గట్టున, అడుగున కొత్త ఇసుక పోశారు, సున్నం చల్లారు. ఆఫీసు జీపు వస్తుందంటే ఏ ఊళ్ళోనైనా మొదట జరిగే పని అదే. ఇసుక కింద మిగిలిన బురదను సేకర్త గరిటెతో కెలికి తీశాడు. దాంట్లోనూ ఎర్ర పురుగులు ఉన్నాయి. ట్యాంకువి ఒక సీసాలో, మోరీవి ఒక సీసాలో వేసి స్పిరిట్ పోశాం.

సీసా లోపల ఒక చీటీ వేస్తాం, ఎక్కడిదో, ఎప్పటిదో రాసి. ఆ చీటీ పెన్సిల్‌తోనే రాయాలి. పెన్సిల్ గీత స్పిరిట్‌కు చెక్కుచెదరదు, సిరా అయితే కరిగిపోతుంది. పనిలో చేరిన మొదటి రోజు నేర్పే మాట ఇది. నేనే ఎందరికో నేర్పాను. ఆ రోజు సేకర్త జేబులు తడుముకుని, "అక్కా, రాసేటిది ఏమన్న ఉన్నదా?" అన్నాడు. చుట్టూ జనం అరుస్తున్నారు. నా బ్యాగులోంచి బాల్ పెన్ను తీసి చేతిలో పెట్టాను. అతను రాశాడు. మా ఇద్దరిదీ కలిపితే అరవై ఏళ్ళ అనుభవం, ఇద్దరికీ తోచలేదు.

చేతులు కడుక్కోవడానికి ఎక్కడైనా చోటుందా అంటే ఆ నీళ్ళ మనిషి తన ఇంటికి తీసుకుపోయాడు. కార్యదర్శి వెనకే వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. ఒకటే గది, ముందు రేకుల పంచ. గుమ్మం పైన చిన్న సిలువ. మా అమ్మగారింటి గుమ్మం మీద ఉన్నదాని లాంటిదే. అతని భార్య చెంబుతో నీళ్ళు పోసి, తుడుచుకోవడానికి గుడ్డ ఇచ్చి, లోపలికి పోయి గ్లాసులో తాగడానికి నీళ్ళు తెచ్చింది.

"తాగున్రి మేడం, ఎండల వడి తిరుగుతున్నరు."

గంట ముందు ఆ నీళ్ళలో పురుగులు చూసినదాన్ని. "వద్దమ్మా, దాహం లేదు" అన్నాను. నాలుక పిడచకట్టుకుపోయి ఉంది, ఆమెకు అది కనిపిస్తూనే ఉంది. ఆమె గ్లాసును మెల్లగా వెనక్కి తీసుకుంది. ముఖంలో ఏమీ లేదు. ఆ ముఖం నాకు తెలుసు. మా అమ్మ కూలికి పోయే రోజుల్లో, ఇంటికొచ్చిన పెద్దమనుషులు దాహం లేదని చెప్పినప్పుడు ఆమె ముఖం కూడా అట్లాగే ఖాళీ అయ్యేది. పురుగుల వల్లే వద్దన్నానని చెప్పాలనుకున్నాను. అదీ అవమానమే అనిపించి చెప్పలేదు.

జీపు దాకా వస్తూ కార్యదర్శి, "మేడంది ఏ ఊరు? ఇంటి పేరేంది?" అని అడిగాడు. ఆ ప్రశ్న దేనికోసమో మాలాంటి వాళ్ళకు పలకా బలపం పట్టకముందే తెలుస్తుంది. చెప్పాను. "ఓహో" అన్నాడు. గుమ్మం మీది సిలువను నేను చూడడం అతను చూశాడనుకుంటాను.

జీపు కదలబోతుంటే ఆ నీళ్ళ మనిషి ఉరికొచ్చి సేకర్త చేతిలో ఒక పచ్చడి సీసా పెట్టాడు. అందులో ట్యాంకు బురద, నీళ్ళు. మూతికి పాత నారాయణపేట చీర గుడ్డ, దారంతో బిగించి ఉంది.

"అన్నా, గవ్విట్ల పురుగులను సంపేస్తిరి. గివి జర బతికున్నయే తీస్కపోన్రి. మంచిగ సూడున్రి."

సేకర్త అలాగేనని పట్టుకొచ్చి, మా కిటికీ గూట్లో పెట్టి మరచిపోయాడు. నేనూ మరచిపోయాను.

మర్నాడు సీసాలు తీస్తే రెండింట్లోనూ స్పిరిట్ లేత నీలంగా ఉంది. చీటీలు తెల్లగా ఉన్నాయి. వెలుతురుకు పట్టి చూశాను, పక్కకు వంచి చూశాను, ఒక్క అక్షరం లేదు. పురుగుల ఎరుపు కూడా స్పిరిట్‌కు వెలిసిపోయి, రెండు సీసాల్లోనూ ఒకే తీరు పాలిపోయిన పోగులు. సేకర్తకు ఫోన్ చేశాను. అతను షాద్‌నగర్ వైపు ఏదో సర్వేలో ఉన్నాడు.

"నల్ల బురద ఉన్నదే మోరీది అయితది గద అక్కా" అన్నాడు, అక్కడి నుంచే.

నాకూ అదే తోచింది. ఒక సీసా అడుగున నల్లటి ఒండ్రు, ఇంకోదాని అడుగున తెల్లటి ఇసుక. మోరీ అంటే నల్లగానే ఉంటుంది కదా. ఆ పొద్దున మోరీకి ఇసుక పోసి సున్నం కొట్టిన సంగతి ఇద్దరికీ గుర్తు రాలేదు.

తెల్ల బురద సీసాను ట్యాంకుది అనుకుని పురుగును లెన్సు కింద పెట్టాను. తోక దగ్గర నాలుగు గొట్టాలు, శిక్షణలో చూపించినట్టే. మురుగు పురుగు. అంటే ట్యాంకులోకి మోరీ నీళ్ళు పోతున్నాయి. నల్ల బురద సీసాలోది ఒకటి తీసి పైపైన చూశాను. గొట్టాలు కనపడలేదు. ఎక్కడో ఊడిపోయి ఉంటాయిలే అనుకున్నాను. మనసు ఒకసారి తేల్చుకున్నాక కళ్ళు దాని వెంటే పోతాయి, అమ్మాయిలూ. కళ్ళద్దాలు మార్చినా లాభం ఉండదు.

మా ప్రయోగశాల పెద్ద సారు మూడుసార్లు వచ్చారు. "ఫోన్ల మీద ఫోన్లు వస్తున్నయ్ మేడం. సాయంత్రానికి కాగితం కావాలె."

ఇంకోసారి నమూనా తెప్పిద్దాం సార్ అని ఒక్క మాట అంటే సరిపోయేది. అంటే పెన్ను సంగతి చెప్పాలి. ముప్పయ్యేళ్ళ మనిషిని, చిన్నపిల్ల చేసే తప్పు చేశానని ఎట్లా చెప్పను? ఇంకోటి కూడా ఉంది, దాన్ని ఇప్పుడు దాచి లాభం లేదు. ఆ "ఓహో" నా చెవిలోనే ఉంది. ఆలస్యం చేస్తే, మెత్తగా రాస్తే, మనవాడని కాపాడింది అంటారు. నేను ఎవరినీ కాపాడే మనిషిని కాదని చూపించుకోవాలనిపించింది. కాగితం మీద గట్టిగా రాశాను. ట్యాంకు అడుగు బురదలో మురుగునీటి జాతి పురుగులున్నాయి, వాల్వు గుంత ద్వారా మురుగు చేరుతున్నట్టు తెలుస్తోంది. సారు చదవకుండా సంతకం పెట్టారు.

ఆ తర్వాత పది రోజులు నేను మామూలుగానే ఉన్నాను. అది తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

పదకొండో రోజు శుక్రవారం. స్లైడ్ల డబ్బా కోసం కిటికీ గూట్లో చెయ్యి పెడితే పచ్చడి సీసా తగిలింది. చీర గుడ్డకు లోపలివైపు నాలుగు చిన్న దోమల్లాంటివి వాలి ఉన్నాయి, ముందు కాళ్ళు గాలిలోకి ఎత్తి. కుట్టని దోమ కూర్చునే తీరే అది. సీసాను కిటికీ దగ్గర పెట్టి చూశాను. రెక్కల మీద మబ్బు పట్టినట్టు మరకలు. మురుగు జాతి దీనికి రెండింతలు ఉంటుంది, రెక్కలు మరకల్లేకుండా ఉంటాయి. మా ఆఫీసు వెనక మోరీ మీద రోజూ సాయంత్రం గుంపులు కట్టేవి అవే. ఇది అది కాదు.

సీసా అడుగు బురదలోంచి బతికున్న ఎర్ర పురుగును తీశాను. గొట్టాలు లేవు. ఊడిన గుర్తు కూడా లేదు. తల కోసి, కాస్టిక్ నీళ్ళలో కాచి, స్లైడు మీద బోర్లా పరిచాను. ఈ పురుగుల నోటి కింద పళ్ళ పలక ఒకటి ఉంటుంది, దువ్వెన ముక్కలాగా. జాతిని పట్టించేది అదే. పుస్తకం తెరిచి, ముప్పయ్యేళ్ళ కింద కునుకు తీసిన పాఠాన్ని వేలు పెట్టి చదివాను. దీనికి నడిమి రెండు పళ్ళు పొడవు, వాటి పక్కవి పొట్టి, ఆ పక్కవి మళ్ళీ పొడవు. మంచినీటి ఒండ్రులో ఉండే జాతి. గాలిలోంచి వచ్చి గుడ్లు పెట్టే జాతి.

తర్వాత నల్ల బురద సీసా తీశాను, మోరీది అని నేను తీర్మానించినది. అయిదు తలలు కాచాను. అయిదింటికీ అవే పళ్ళు. అప్పుడు ఇసుక గుర్తొచ్చింది, సున్నం గుర్తొచ్చింది. సీసాలు తారుమారు చేశానని తెలిసిపోయింది.

సోమవారం ఆ ఊళ్ళో సభ. మండలం నుంచి అధికారి వచ్చి, మా రిపోర్టు చదివి వినిపించి, అతన్ని తీసేసినట్టు చెబుతారు. మధ్యలో రెండు రోజులు.

పెద్ద సారు గదిలోకి పోయి మొత్తం చెప్పాను, పెన్నుతో సహా. పది రోజుల కింద చదవకుండా సంతకం పెట్టిన కాగితాన్ని ఆయన ఇప్పుడు మూడుసార్లు చదివారు.

"ఎందుకు మేడం ఇప్పుడు? అయిదు నెలలల్ల ఇంటికి వోతరు. గిది బయటవడితె మీ ఫైలు కదలది. ఆయన్దేముంది, ఇంకో పని దొరుకుతది."

"దొరకదు సార్" అన్నాను. "ఊరి నీళ్ళల్ల మురుగు కలిపిండని పేరు వడ్డంక ఎవరిస్తరు పని? ఆ ఊర్లె ఉండనిస్తరా?"

ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ, "ఆయనిచ్చిన సీసనే సాక్ష్యమంటే ఎవరు నమ్ముతరు?" అన్నారు. అది మాత్రం న్యాయమైన ప్రశ్న.

జవాబు సేకర్త తెచ్చాడు. నా దగ్గర సంగతి విని, ఆదివారం తన బండి మీద మక్తల్ అవతలికి పోయి, ఆ ఊళ్ళో ఎవరికీ చెప్పకుండా ట్యాంకు తనే ఎక్కి, మోరీలో తనే దిగి, రెండు సీసాలు పట్టుకొచ్చాడు. చీటీలు పెన్సిల్‌తో రాసి ఉన్నాయి, చిన్న బడి పిల్లాడి చేతిరాతలా వత్తి వత్తి. ట్యాంకు సీసాలో గొట్టాలు లేని పురుగు. మోరీ సీసాలో గొట్టాలున్న పురుగు. ఇక సందేహం లేదు.

"అక్కా, పెన్ను నాదేనని చెప్త. నాకు ఇంకా మూడేండ్ల సర్వీసున్నది, ఏమన్న అయితె తట్టుకుంట. నీకిప్పుడు గీ బాధ ఎందుకు?"

నాకు ఏడుపొచ్చింది. కోపం కూడా వచ్చింది. "నోరు మూసుకో. ఇచ్చింది నేను" అన్నాను.

ఆ రెండు రోజులూ నాకు ఇంకో భయం పట్టుకుంది. రెక్కలొచ్చిన తర్వాత ఆ పురుగు నాలుగైదు రోజుల కంటే బతకదు. పళ్ళ పలకలు ఊరికి ఏం అర్థమవుతాయి? బతికున్న దోమ కళ్ళ ముందుంటే నమ్ముతారేమో. శనివారానికి మూడు మిగిలాయి. ఆదివారానికి రెండు. చీర గుడ్డ మీద నీళ్ళు చిలకరించాను, సీసాను ఫ్యాను గాలికి దూరంగా జరిపాను. చర్చిలో మోకాళ్ళ మీద ఉండి కూడా వాటి గురించే ప్రార్థన చేశాను. ముప్పయ్యేళ్ళు దోమలను చంపించిన మనిషి ప్రార్థన పైన ఎట్లా వినిపించి ఉంటుందో తెలియదు.

సోమవారం జీపు ఇవ్వలేదు. సేకర్త సూక్ష్మదర్శిని పెట్టె మోశాడు, నేను సీసాను ఒళ్ళో పెట్టుకుని బస్సులో కూర్చున్నాను. దేవరకద్ర దాకా కుదుపులు, ఆ తర్వాత ఎండ. స్పీడు బ్రేకరు వచ్చినప్పుడల్లా రెండు చేతులతో సీసాను గాలిలోకి లేపాను. పక్కన కూర్చున్న ముసలామె, "ఏంది బిడ్డా, తొక్కా?" అని అడిగింది. అవును, పచ్చడే అన్నాను. మరికల్ దాటాక చూస్తే ఒకటి బురద మీద పడి ఉంది. ఒక్కటే మిగిలింది.

సభ పంచాయతీ ఆఫీసు ముందు, టెంటు కింద. ఆ నీళ్ళ మనిషి ఒక మూల నిలబడ్డాడు, పక్కన భార్య. కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి గానీ వాళ్ళు కూర్చోలేదు. మండలం అధికారి రిపోర్టు చేతిలోకి తీసుకున్నారు. ఆయన మొదలుపెట్టకముందే లేచి నిలబడ్డాను.

"ఆ కాగితం చదవకండి సార్. నేనే రాసిన. తప్పు రాసిన."

ఎట్లా జరిగిందో చెప్పాను. పెన్ను, చీటీ, ఇసుక, సున్నం. సున్నం మాట వచ్చినప్పుడు కార్యదర్శి తల దించుకున్నాడు. సేకర్త సూక్ష్మదర్శినిని బల్ల మీద పెట్టి, పెన్సిల్ చీటీలున్న సీసాలు పక్కన పేర్చాడు. నేను రెండు పురుగుల స్లైడ్లూ ఒకదాని తర్వాత ఒకటి పెట్టాను. మండలం అధికారి చూశారు. తర్వాత ఒక్కొక్కరూ వచ్చి ఒక కన్ను మూసుకుని చూడడం మొదలుపెట్టారు. చెవులకు పెద్ద కమ్మలున్న ఒకవ్వ చాలాసేపు చూసి, "నడిమి పండ్లు ఎత్తున్నయ్, పక్కవి కురసగున్నయ్. దానికి తోకకు సంచులు లెవ్వు, దీనికున్నయ్. గీ రెండు ఒకటెట్లయితయ్?" అంది. గొర్రె పిల్లలను చెవి చూసి గుర్తుపట్టే ఇంటి మనిషి. నాకు పది రోజులు పట్టింది, ఆమెకు రెండు నిమిషాలు.

చీర గుడ్డ విప్పి, సీసాలో చెయ్యి పెట్టాను. మిగిలిన ఆ ఒక్కటి నా మణికట్టు మీద వాలింది. ముందు కాళ్ళు ఎత్తి కూర్చుంది. జనం ముందుకు వంగారు. అది కుట్టలేదు, కుట్టడానికి దానికి నోరే లేదు. ఎగిరి టెంటు నీడలోంచి బయటికి పోయింది.

"మరి పోరగాండ్లకు వాంతులెందుకైనయ్?" గ్లాసు చూపించిన ఆవిడే అడిగింది.

"ఈ పురుగు వల్ల కాదు. ఎందుకైనయో నాకు తెల్వదమ్మా" అన్నాను. తప్పు ఒప్పుకున్నాక తెలియదని ఒప్పుకోవడం సులువుగానే వచ్చింది.

అప్పుడు వెనక నుంచి ఒక గొంతు, "మీవాడనేనా మేడం, గింత దూరం వస్తిరి?" అంది.

పదిహేను రోజులుగా ఏ మాటకు భయపడ్డానో ఆ మాట వచ్చేసింది. వచ్చాక భయం పోయింది.

"తప్పు రాసినప్పుడు నన్ను ఎవ్వరు గీ మాట అడగలె" అన్నాను.

మండలం అధికారి రిపోర్టును మడిచి జేబులో పెట్టుకుని, "గాలి గొట్టం ఎవరు సూసిన్రు?" అని అడిగారు. ఎవరూ చూడలేదు. ఇద్దరు మనుషులు ఎక్కి చూశారు. గొట్టం మూతికి జాలి లేదు. మెడ చుట్టూ మాత్రం చినిగిన చీర పీలిక ఒకటి దారంతో కట్టి ఉంది. దాన్ని కిందికి తెచ్చి బల్ల మీద పెట్టారు. నా సీసా మీది గుడ్డ పక్కన పెడితే అదే అంచు, అదే గళ్ళు.

తర్వాత జరిగింది క్లుప్తంగా చెబుతాను. ట్యాంకు కడిగించి గొట్టానికి జాలి వేశారు. అతన్ని తిరిగి పనిలోకి తీసుకున్నారు. నాకు మెమో వచ్చింది, జవాబు రాశాను, నా సర్వీసు పుస్తకంలో మందలింపు ఎక్కింది. చివరి పేజీకి ముందు పేజీలో ఉంది, కావాలంటే చూపిస్తాను. పదవీ విరమణ రోజు అందరూ శాలువాలు కప్పితే సేకర్త మాత్రం డజను పెన్సిళ్ళ పెట్టె ఇచ్చాడు. నవ్వాడు, నేను నవ్వలేకపోయాను. మీ ఇద్దరికీ మొన్న చెరొకటి ఇచ్చినవి దాంట్లోవే.

ఆ సోమవారంది ఒకటి మిగిలింది. మొన్న నేను ఆపేసింది అక్కడే.

సభ అయ్యాక బస్సుకు టైముంది. సేకర్తను స్టాండు దగ్గర వదిలి, చీర గుడ్డ తిరిగి ఇవ్వాలనే వంకతో వాళ్ళింటికి పోయాను. అతను లేడు, అప్పుడే ట్యాంకు దగ్గరికి పోయాడట. భార్య పంచలో కుర్చీ వేసింది. నేను క్షమించమని అడిగాను. ఆమె గుడ్డను మడత పెట్టుకుంటూ, "మీరు వచ్చి చెప్పిన్రు, అదే శానా మేడం" అంది. ఆమె గొంతులో కోపం లేదు. ఇంకేమీ కూడా లేదు. ఎండ పంచ లోపలి దాకా వచ్చింది. ఆమె లోపలికి పోయి నీళ్ళు తేలేదు. తెస్తుందని చూశాను, తేలేదు. ఒకసారి వద్దన్న మనిషిని రెండోసారి అడగరు, మా అమ్మ కూడా అడిగేది కాదు.

"కొన్ని నీళ్ళియ్యి బిడ్డా" అన్నాను.

ఆమె నా ముఖం వంక చూసింది. "మా నల్లా నీళ్ళే ఉన్నయ్ మేడం."

"గవ్వే ఇయ్యి."

గ్లాసు తెచ్చి ఇచ్చింది. అలవాటు చొప్పున నా చెయ్యి గ్లాసును వెలుతురుకు ఎత్తబోయింది, ముప్పయ్యేళ్ళుగా ప్రతి గ్లాసునూ ఎత్తి చూసిన చెయ్యి. ఆమె అది చూస్తోంది. చెయ్యి దించి, చూడకుండా, అడుగుదాకా తాగాను. ఇంకో గ్లాసు అడిగాను. ఈసారి ఆమె చెంబే తెచ్చి నా పక్కన పెట్టింది.